తెర అవతలి చెవి

మళ్ళీ వేలు కాల్చుకున్నాడు బావమరిది. గాజు ట్యూబు చల్లారేదాకా ఆగాలని తెలియక కాదు, ఆ పూటకి ఓపిక అయిపోయింది. కాలిన వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో పాత బనీను గుడ్డ అందుకుని, ట్యూబును అటూ ఇటూ మెల్లగా కదుపుతూ పైకి లాగాడు. పిల్లల పాలపన్ను తీసినట్టు తియ్యాలి దాన్ని. కోపం చూపిస్తే అడుగున ఉన్న సన్నటి కాళ్ళు వంకరపోతాయి. ఆ తిట్లూ తనకే.

"అయిందా?" తెర అవతల నుంచి బావ అడిగాడు.

"అవుతోంది బావా."

"ఇంతసేపేంట్రా, గుడ్లు పొదుగుతున్నావా?"

ట్యూబులు ఉన్నది కోడిగుడ్ల అట్టలోనే. బొటనవేలంత లావున, నాలుగు. గిటారు తీగల నుంచి వచ్చే బక్క శబ్దాన్ని యాంప్లిఫయర్లో మొదట అందుకుని పెద్దది చేసేది ఆ బుల్లి ట్యూబే. ఒకే రకమైనా ఏ రెండూ ఒక్కలా పలకవని బావ నమ్మకం. ఒకటి ముక్కుతో మాట్లాడుతుందట, ఇంకొకటి గొంతులో కఫం పెట్టుకుని మాట్లాడుతుందట. రిపేరుకిచ్చిన యాంప్లిఫయర్ తాలూకు మనిషి సాయంత్రం వస్తానన్నాడు. అతనికి ఏదైనా ఒకటే, మోత వస్తే దండం పెట్టి పట్టుకుపోతాడు. బావకి అలా కుదరదే! ట్యూబులన్నీ ఒక్కొక్కటే పెట్టి విని, వాటిలో ఒకదాన్ని ఎంచితే తప్ప ముద్ద దిగదు.

ఎంచడానికి బావ పెట్టిన పద్ధతి ఒకటుంది. కొట్టు మధ్యలో తెర. అవతల పేము కుర్చీలో గోడవైపు తిరిగి బావ కూర్చుంటాడు. ఇవతల బావమరిది ట్యూబు బిగించి, అది వేడెక్కేదాకా ఆగి, గిటారు ఒళ్ళో పెట్టుకుని తీగలు ఒక్కసారి మీటుతాడు. బాగుంటే బావ "ఊఁ" అంటాడు. బాగోకపోతే ఏమీ అనడు. ఏమీ అనకపోతే ట్యూబు మార్చాలి. ఈలోగా ఇవతలివాడు మాట్లాడకూడదు, తెర ఎత్తకూడదు. చాలా ఏళ్ళ కిందట ఒకసారి ఆత్రం ఆపుకోలేక తెర పక్కనుంచి తొంగి చూశాడు, సరిగ్గా అప్పుడే బావ వెనక్కి తిరిగాడు. "నీ మొహం చూస్తే ఏ ట్యూబు పెట్టావో తెలిసిపోతోంది, ఇంక నా చెవెందుకు?" అని బావ వారం రోజులు మాట్లాడలేదు. అప్పట్నుంచి ఆ తెర గోడతో సమానం.

అక్క మొదటి కాన్పుకి సాయంగా ఉండమంటే ఓ నెల కోసం వచ్చాడు అతను. ఆ పుట్టిన పిల్ల పెళ్ళయి వెళ్ళిపోయింది, అతను మాత్రం ఇక్కడే నెరిసిపోయాడు. సగం వీధికి అతను బావమరిదే. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ చూపులకి వెళ్ళాల్సిన రోజే ఎవరిదో యాంప్లిఫయర్ అర్జెంటుగా వచ్చిపడింది. గిటారు మీద బావ అతనికి నేర్పింది ఒకే ఒక్క పట్టు. ఎడమచేతి మూడు వేళ్ళు మూడు చోట్ల నొక్కిపెట్టి, కుడిచేత్తో తీగలన్నీ ఒకసారి కిందికి దువ్వడం. రెండోది నేర్పమంటే, "నీ పనికిది చాలు" అన్నాడు. ఇన్నేళ్ళూ అదొక్కటే మీటాడు. కచేరీలు చేసేవాళ్ళకున్నన్ని కాయలున్నాయి వేళ్ళకి, పాట మాత్రం ఒక్కటీ రాదు.

"భోజనానికి రారా ఇద్దరూ?" మేడమీద నుంచి అక్క కేకేసింది. "పొద్దున్నుంచీ గ్యాసు గ్యాసంటున్నారు మీ బావ. ఖాళీ కడుపుతో ఉంటే రాదా మరి?"

"ఇది తేల్చి వస్తాం. కాసేపు అరవకు, వినబడి చావట్లేదు," అన్నాడు బావ.

ఇవాళ తేలాలని బావకన్నా బావమరిదికే ఎక్కువ ఉంది. ఎందుకంటే ఆ అట్టలో మూడో ట్యూబు అతనిది. తుక్కులో పారెయ్యబోయిన పాత యాంప్లిఫయర్లోంచి పీకి, అచ్చు కూడా చెరిగిపోయిన ఆ ట్యూబుని ఒక పొద్దున్న బావ కొట్టులోకి రాకముందే పెట్టి చూశాడు. చూసి గిటారు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తను జీవితమంతా మీటిన మోతే, ఎవరో చేయి తిరిగినవాళ్ళు మీటినట్టుంది. బావకి చెబితే "నీ చెవికేం తెలుసురా" అంటాడు. అందుకే చెప్పకుండా మిగతావాటిలో కలిపేశాడు. తెర అవతల నుంచి దానికొక్క "ఊఁ" రావాలి. అంతే. ఇన్నేళ్ళలో తనకీ ఒక చెవి ఉందని ఒక్కసారి తేలితే చాలు.

మొదటిదాన్ని అట్టలో పెట్టేసి రెండోది బిగించాడు. వేడెక్కింది. మీటాడు. మోత సన్నగిల్లి ఆగిపోయేదాకా విన్నాడు. తెర అవతల ఉలుకూ పలుకూ లేదు. సరే, ఇది పోయింది.

మూడోదాన్ని గుడ్డతో తుడిచి మరీ పెట్టాడు. మీటాడు. ఆ పొద్దున్న విన్న మోతే కొట్టంతా నిండింది. తెరవైపు చెవి పెట్టాడు.

ఏమీ లేదు.

ఇంకోసారి మీటాడు. ఏమీ లేదు. నాలుగోది పెట్టాడు, మీటాడు. దానికీ లేదు. హమ్మయ్య అనుకోబోయి, అంత నీచంగా సంతోషించినందుకు సిగ్గుపడ్డాడు. మళ్ళీ తన మూడోదే పెట్టాడు, మొండిగా. ఈసారి తీగలు తెగేలా దువ్వాడు. తెర కదల్లేదు. అవతల మనిషికి చెవులున్నాయా, రాయా? ఒళ్ళు మండిపోయింది.

"నాలుగింట్లో ఒక్కటీ నచ్చలేదా నీకు? దేవుడు దిగివచ్చి మీటితే నచ్చుతుందా?" అని తెర లాగిపారేశాడు.

బావ గోడవైపు తిరిగి, గడ్డం ఛాతీకి ఆనించి ఉన్నాడు. "నిద్రపోయావా! నేనిక్కడ వేళ్ళు కాల్చుకుంటుంటే!" అంటూ భుజం పట్టుకుని కుదిపాడు. కుర్చీ కిర్రుమంది. బావ ఆ పక్కకే ఒరిగిపోయాడు.

వీధి చివరుండే డాక్టరు పరుగున వచ్చాడు. పరుగెత్తాల్సిన పని అప్పటికే లేదు. "చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?" అని అడిగాడు.

"మొదటి ట్యూబు తీశాక," అన్నాడు బావమరిది.

డాక్టరు అయోమయంగా చూశాడు. అంతకన్నా వివరంగా చెప్పడం బావమరిదికి చేతకాలేదు. అక్క ఏడుస్తోంది, అతనూ ఏడుస్తున్నాడు. అయినా బుర్రలో ఒకటే ప్రశ్న. రెండోదానికి ఉన్నాడా? మూడోదానికి ఉన్నాడా? ఉండి, విని, కాదన్నాడా? లేక అసలు వినకుండానే వెళ్ళిపోయాడా? ఎవర్ని అడగాలి ఇప్పుడు? ఛీ అని ఒక్క మాట అనేసి పోకూడదూ. వెళ్ళేటప్పుడు కూడా తేల్చకుండా వెళ్ళినందుకు బావ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే అతను మరింత గట్టిగా ఏడ్చాడు.

పొద్దు వాలుతుండగా కొట్టు మూయడానికి కిందికొచ్చాడు. మేడమీద చుట్టాల మాటలు వినిపిస్తున్నాయి. యాంప్లిఫయర్ ఇంకా ఆన్‌లోనే ఉంది. శబ్దం బాగా తగ్గించి, గిటారు తీసుకుని ఒక్కసారి మీటాడు. అలవాటు కొద్దీ ఆగాడు.

ఏమీ లేదు.

పద్ధతి ప్రకారం ఇప్పుడు మార్చాలి. చెయ్యి బనీను గుడ్డ దాకా వెళ్ళింది. గుడ్డ తీసుకున్నాడు, కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని మడిచి బల్ల మీద పెట్టేశాడు. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

లోపల చీకటి పడుతున్న కొట్టులో, అచ్చు చెరిగిపోయిన ఆ ట్యూబు ఎర్రగా వెలుగుతూనే ఉంది.