ఎయిటా నుంచి వచ్చిన మొదటి ఫిర్యాదు

మకురీటా ఉద్యోగం పర్మనెంటు కావడానికి ఒక్కటే అడ్డం. ఆమె ఫోను మోగడం లేదు.

దీవి దేశాల్లో లంచగొండితనం తగ్గించే పని కోసం ఫిజీ రాజధాని సువాలో పెట్టిన కార్యాలయం, మా తరావా దీవికి ఒక గది, ఒక తెల్ల బండి, ఒక ఫోను ఇచ్చింది. బండికి రెండు పక్కలా తలుపుల మీద పెద్ద అక్షరాలతో రాయించారు. ఈ బండి సొంత పనికి తిరగడం చూశారా, సర్కారు సొమ్ము ఎక్కడైనా పక్కదారి పట్టడం చూశారా, చూస్తే ఈ నెంబరుకి చెప్పండి అని. ఆ నెంబరు మకురీటా చేతిసంచిలో ఉంటుంది. గదిలో ఉన్న ఉద్యోగి ఆమె ఒక్కతే కాబట్టి బండి నడిపేదీ ఆమే, ఫోనెత్తేదీ ఆమే.

ఏడాది కావస్తున్నా ఒక్కరూ ఫోను చేయలేదు. తప్పులు జరగక కాదు. ఉన్నది ఒకటే రోడ్డు. ఆ చివర ఎవరు తుమ్మినా ఈ చివర వాళ్ళకి తెలుస్తుంది. అందరికీ తెలిసిన సంగతిని మళ్ళీ ఫోను చేసి చెప్పడం దేనికో జనానికి అర్థం కాలేదు. పైగా ఎవరి మీద చెప్పాలి? ఇక్కడ ప్రతివాళ్ళూ ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి అవుతారు.

సువా నుంచి లవేనియా మేడం వారం వారం పలకరించేది.

"మోగని ఫోనుకి డబ్బెలా ఇమ్మంటావమ్మా? పై వాళ్ళు నన్నడుగుతున్నారు. మిగతా దీవుల్లో చూడు, మోత మోగిపోతోంది."

"అక్కడ తప్పులు ఎక్కువేమో మేడం."

"తప్పులు కాదు, ప్రచారం ఎక్కువ. ఈ నెలాఖరుకి ఒక్క ఫిర్యాదైనా రాకపోతే గది మూసేస్తారు. నీ పర్మనెంటు సంగతి తర్వాత, అసలు ఉద్యోగమే ఉండదు."

ఆ ఉద్యోగం మీద ఎయిటా ఊళ్ళో ఒక ఇల్లు నడుస్తోంది. తల్లి పోయాక మకురీటాని పెంచిన పెద్దమ్మ తెబోరా, ఆవిడ ముసలి తమ్ముడు, అతని మనవలు, అందరి బియ్యమూ చక్కెరా ఆ జీతంలోంచే వస్తాయి. ఉద్యోగం ఉంటుందో లేదోనని ఇంట్లో ఎవరికీ బెంగ లేదు. ఆ బెంగ కూడా మకురీటా వంతుకే వచ్చింది.

ప్రచారం కోసం ఆమె తన ఊరి మనేయాబానే ఎంచుకుంది. ఊరంతా కూర్చునే ఆ పెద్ద కప్పు కింద, మొగలాకు చాపల మీద, పెద్దలు తమ తమ స్తంభాలకి ఆనుకుని కూర్చున్నారు. మకురీటా సువా వాళ్ళు పంపిన మాటలన్నీ చెప్పింది. జవాబుదారీతనం అంది. ప్రజల సొమ్ము అంది. పేరు చెప్పక్కర్లేదు, చెప్పిన వాళ్ళకి ఒక నెంబరు ఇస్తాం, ఆ నెంబరుతో సంగతి ఎంతవరకు వచ్చిందో కనుక్కోవచ్చు అంది. ఒక ముసలాయన గురక పెడుతున్నాడు. ఆడవాళ్ళు తర్వాత పెట్టబోయే టీ గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. కాగితాలు పక్కన పెట్టేసింది.

"పెద్దలారా, మీ బిడ్డని. నోరు తెరిచి అడుగుతున్నాను. తప్పు కనిపిస్తే, ఎవరిదైనా సరే, ఆ నెంబరుకి ఫోను చేయండి."

మాటలు ఆగిపోయాయి. గురక పెడుతున్నాయన కూడా లేచాడు.

"అడిగావా?" అన్నాడు.

"అడిగాను తాతా."

"అయితే సరే."

మీటింగు మర్యాదగా ముగిసిందనుకుని మకురీటా ఇంటికొచ్చేసింది. సువా మాటలు వాడీ వాడీ తన ఊరి మాట మరిచిపోయింది. చుట్టం నోరు తెరిచి అడిగిందాన్ని మేం బుబుసి అంటాం. దాన్ని కాదనకూడదు. ఉన్న ఒక్క చాప అడిగినా ఇచ్చేసి ఆ రాత్రి నేల మీద పడుకోవాలి. కాదన్నవాడు మర్నాడు రోడ్డు మీద తలెత్తుకుని నడవలేడు.

అక్కడికి కొద్ది రోజుల్లోనే తెబోరా మనవరాలి మొదటి పుట్టినరోజు వచ్చింది. విందు రోడ్డు ఆ చివరనున్న బెసియోలో, కూతురింట్లో. పంది ఎయిటాలో ఉంది.

"మినీబస్సు వాడు ఎక్కించుకోడట. పోయినసారి పంది వాసన ఇంకా వదల్లేదట వాడికి. నువ్వు నీ బండిలో తీసుకెళ్ళు."

"అది నా బండి కాదు పెద్దమ్మా."

"నీదని ఎవరన్నారు? నీదైతే అడిగేదాన్నా? తీసుకుపోయేదాన్ని."

"తలుపు మీద ఏం రాశారో చూశావు కదా. నా ఉద్యోగం పోతుంది."

తెబోరా కొబ్బరి కోరడం ఆపి, చేతులు తుడుచుకుని, ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మకురీటా, అడుగుతున్నాను."

ఇక మాట్లాడడానికేమీ లేదు. పెంచిన చెయ్యి చాపి అడిగింది. మర్నాడు పొద్దున్నే పందిని కాళ్ళు కట్టి బండి వెనక తొట్టిలో పడేశారు. పక్కన చేమదుంపల బుట్ట, సీమపనసకాయలు, చాపలు. ఆ చాపల మీద తెబోరా, తలకి పూలదండ చుట్టుకుని, పంది వీపు మీద చెయ్యేసి కూర్చుంది. మకురీటా తల కిందికి దించుకుని బండి నడిపింది. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళు చేతులూపారు. తెబోరా అందరికీ తిరిగి చేతులూపింది.

బెసియోకి సముద్రంలో వేసిన కట్ట దగ్గరికి వచ్చేసరికి సంచిలో ఫోను మోగింది.

మకురీటా గుండె ఎగిరి గంతేసింది. బండి పక్కకి ఆపి, గొంతు సవరించుకుంది.

"నమస్కారం. మీ ఫిర్యాదు చెప్పండి."

"ఒక సర్కారు బండి పందిని మోసుకుపోతోంది."

మాట ఫోనులోంచీ వచ్చింది, వెనక కిటికీలోంచీ వచ్చింది. మకురీటా తిరిగి చూసింది. తెబోరా ఫోను చెవికి ఆనించుకుని, చాలా మర్యాదగా, సముద్రం వైపు చూస్తోంది.

"పెద్దమ్మా!"

"పేరు చెప్పక్కర్లేదన్నావుగా."

"ఆ పంది నీది! బండి అడిగింది నువ్వు!"

"అవును, నేనే అడిగాను, నువ్విచ్చావు. బంగారు తల్లివి. మరి నువ్వు కూడా అడిగావు కదా మనేయాబాలో, అందరి ముందూ? నువ్వడిగింది నేను కాదంటే ఏం బావుంటుంది? ఫోను పెట్టెయ్. ఎండెక్కుతోంది, పంది వడిలిపోతుంది."

మకురీటా ఫోను సంచిలో పడేసి బండి పోనిచ్చింది. ఆ ఫోను వచ్చినట్టు సువాకి తెలిసే దారి లేదు. ఆమె రాసి పంపితేనే తెలుస్తుంది. రాయకూడదనే అనుకుంది. కట్ట దాటేలోపు ఆ నిర్ణయం గట్టిపడింది కూడా.

కానీ విందులో, పంది మాంసం పంచుతుండగా, తెబోరా అందరికీ వినబడేలా అడిగింది.

"ఫోను చేసిన వాళ్ళకి నెంబరిస్తానన్నావు. నా నెంబరేదే?"

ఎయిటా పెద్దలంతా అక్కడే ఉన్నారు. అందరూ మకురీటా వైపు తిరిగారు. ఆమె నోట్లో ముద్ద మింగింది.

"ఒకటి."

"ఒకటా! ఊళ్ళో నేనే మొదలా?"

"మేమూ చూశాం. నా ఫోనులో చార్జింగు లేకపోయింది గానీ," అన్నాడు ఒక పెద్దాయన, చిన్నబుచ్చుకుని.

"లేకపోతే నువ్వే ఒకటి. ఇప్పుడేమనుకుని ఏం లాభం, తిను," అంది తెబోరా.

నెంబరు ఇచ్చాక రాయక తప్పలేదు. లవేనియా మేడం సంతోషం పట్టలేకపోయింది.

"ఎంత మంచి మాట చెప్పావమ్మా! ఎవరి మీద?"

"నా మీద మేడం."



"నీ మీదా? అయితే ఇంకా మంచిది! మన మనిషినే వదల్లేదంటే జనానికి ఎంత నమ్మకం కుదిరిందో చూడు. నీకు కొంచెం ఇబ్బందే అనుకో."

నిబంధన ప్రకారం విచారణకి పొరుగు దేశం నుంచి, ఏ చుట్టరికమూ లేని మనిషి రావాలి. టువాలు నుంచి పెనితాలా అనే ఆయన్ని పంపారు. పక్క దీవులే అయినా ఆయన విమానంలో ముందు ఫిజీ వెళ్ళి, అక్కడ నాలుగు రోజులు హోటల్లో ఆగి, మళ్ళీ వెనక్కి రావాల్సొచ్చింది. ఒక పంది ఎయిటా నుంచి బెసియో వెళ్ళిందా లేదా అన్నది తేలాలి కదా.

"టువాలులో ఏ దీవి వాడు?" అంది తెబోరా.

"నూయి అట."

తెబోరా ముఖం వెలిగిపోయింది. "నూయి వాళ్ళంతా మనవాళ్ళే! వాళ్ళ అమ్మమ్మ పేరు చెప్పమను, పావుగంటలో..."

"పెద్దమ్మా, వద్దు." మకురీటా ఆమె చెయ్యి పట్టుకుంది. "చుట్టరికం బయటపడితే ఆయన నివేదిక రాయకూడదు. మళ్ళీ ఇంకొకరు రావాలి. దానికి డబ్బుల్లేవు, గది మూసేస్తారు. ఈయనే రాస్తే మందలింపుతో పోతుందేమో. రాత అయ్యేదాకా ఆయన్ని వంశం అడగొద్దు. నేను నోరు తెరిచి అడుగుతున్నాను."

"మనిషి ఇంటికొస్తే ఎవరి బిడ్డవని అడక్కుండా ఏం మాట్లాడాలే? వాతావరణమా?"

"వాతావరణమే మాట్లాడు."

పెనితాలా మినీబస్సులో వచ్చాడు. తెల్ల బండి సాక్ష్యం కాబట్టి కదపకూడదు. నలభై ఏళ్ళుంటాయి, మెత్తని మనిషి. మా మాటే మాట్లాడాడు, నూయి యాసలో.

తెబోరా అతన్ని కొత్త చాప మీద కూర్చోబెట్టింది. పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. చేపలో మంచి ముక్క ఏరి పెట్టింది. ఆ మర్యాద ఏమిటో మకురీటాకి తెలుసు. ఆ ఇంట్లో సొంత మనిషికి చాప ఎవరూ పరచరు, నీళ్ళు తెచ్చుకోమంటారు. పెద్దమ్మ ఒక మనిషిని బలవంతంగా పరాయివాణ్ణి చేస్తోంది.

"బండిలో పంది ఎక్కిందా అమ్మా?"

"ఎక్కింది బాబూ. ఎండలు ఎక్కువగా ఉన్నాయి ఈ ఏడు."

"ఎవరు అడిగితే ఎక్కింది?"

"నేనే. వాన పడితే బావుణ్ణు."

"మా అమ్మమ్మ కూడా ఎయిటా మనిషేనని చెప్పేది మా అమ్మ. పేరు..."

"ఎయిటా వాళ్ళు చాలామంది ఉంటారు బాబూ!" తెబోరా మాట మధ్యలోనే అందుకుంది. "ఇంకో ముక్క వేసుకోండి."

అతను చిన్నబోయి రాత మొదలుపెట్టాడు. రాసింది చదివి వినిపించాడు కూడా, దాచలేదు. తప్పు రుజువైంది. ఉద్యోగి ఒప్పుకుంది. పర్మనెంటు చేయడం తగదు, కాంట్రాక్టు పొడిగించడం కూడా తగదు. చదువుతుంటే అతని గొంతే తగ్గిపోయింది.  మకురీటా అనుకున్న మందలింపు అందులో ఎక్కడా లేదు.

"అయిపోయిందా రాత?" అంది తెబోరా.

"అయిపోయిందమ్మా."

"సంతకం?"

"పెట్టేశాను."

విసనకర్ర కింద పడింది. "మీ అమ్మమ్మ తబేరా కాదూ? ఎడమ కనుబొమ్మ మీద మచ్చ? నూయి పడవ వాడితో వెళ్ళిపోయిన తబేరా? మా అమ్మకి సొంత చెల్లెల్రా అది! నువ్వు నా కొడుకువి! లే, ఆ చాప మీంచి లే, దొరలా కూర్చున్నావు. బావి దగ్గర బకెట్టుంది, నీళ్ళు పట్టుకురా."

పెనితాలా నోరు తెరుచుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతని కళ్ళు తడిశాయి. తర్వాత కాగితాల వైపు చూశాడు.

"అయితే ఇది చెల్లదు పెద్దమ్మా. చుట్టరికం లేదని సంతకం పెట్టాను. దీన్ని చింపెయ్యాలి."

"చింపెయ్ మరి! అందుకేగా చెప్పింది!" తెబోరా గెలిచినట్టు మకురీటా వైపు తిరిగింది. "చూశావా? రాత అయ్యేదాకా అన్నావు, రాత అయ్యేదాకా ఆగాను. మాట తప్పానా?"

తప్పలేదు. మనేయాబాలో ఇచ్చిన మాటా తప్పలేదు, ఇదీ తప్పలేదు. ఆ నెంబరుని నమ్మి ఫోను చేసిన మనిషి ఈ దీవి మొత్తం మీద ఆవిడొక్కతే. కాగితం చినిగితే ఆ ఫిర్యాదూ చినుగుతుంది. గురక పెట్టే తాత మళ్ళీ గురక పెడతాడు. మకురీటా నోటికి మాట ముందొచ్చింది, ఆలోచన తర్వాత వచ్చింది.

"అన్నా, నేనొకటి అడుగుతాను."

తెబోరా తృప్తిగా కాళ్ళు చాపుకుంది. పెనితాలా ముఖం వాడిపోయింది. ఆ మాట నూయిలోనూ ఉంది.

"పంపించు. రాసింది రాసినట్టు."

"ఏంటీ?"

"చుట్టరికం లేదని నువ్వు సంతకం పెట్టినప్పుడు లేదు. తర్వాత వచ్చింది. పంపించెయ్."

"అది అబద్ధమవుతుంది చెల్లీ. నిజాయితీ ఆఫీసుకి నేను అబద్ధం పంపాలా? పైగా నీ ఉద్యోగం పోవడానికా?"

"అడిగాను అన్నా."

 అతను కాగితాలు కవరులో పెట్టి, నాలుకతో తడిపి అంటించాడు. తర్వాత, ఇంకేం చేయాలో తెలియనివాడిలా, లేచి బకెట్టు కోసం బావి వైపు నడిచాడు.

"నీకు మతి పోయిందే!" తెబోరా నెత్తి కొట్టుకుంది. "చుట్టాన్ని ఎదురుగా పెట్టుకుని అడగాల్సింది ఇదా? పడవ అడగొచ్చు, వల అడగొచ్చు, వాడి చేతి గడియారం అడగొచ్చు! లోకంలో ఎవరైనా తన ఉద్యోగం తీయించమని బుబుసి అడుగుతారా?"

 మకురీటా ఎంగిలి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పెడుతోంది.

"పోనీ, వచ్చే నెల బియ్యం ఎవరు తెస్తారు?"

"బెసియోలో అక్కని అడుగు."



"అది కాదనదులే, కాదనకూడదు. దాని మొగుడు మాత్రం మళ్ళీ ఎక్కడ అడుగుతామోనని నెల తిరిగేలోపు చేపలకని పడవెక్కి ఏ దూరదీవికో పోతాడు చూడు," అంది తెబోరా.