పొడికి వేరే పూట

గోకి గోకి సత్తెమ్మ చేతులు పుండ్లుపడ్డ రోజులు కోడలు రోజాకు ఇంకా కళ్ళముందే ఉన్నాయి. కాలేయం నుంచి పిత్తం సరిగా దిగక వచ్చిన దురద అది. వనపర్తి దవాఖానలో ఇచ్చిన పొడిని నీళ్ళలో కలిపి తాగిస్తే పది రోజులకు ముసలామె కంటినిండా నిద్రపోయింది. ఇప్పుడా పొడే మానాల్సి వస్తుందేమోనని రోజా భయం.

మూడు నెలల్లో అత్త ముఖం ఉబ్బింది. మాట మందగించింది. ఎండపూట కూడా చలి అంటూ దుప్పటి కప్పుకుంటోంది. పొడి పడటం లేదని వాళ్ళ ఊరు మల్దకల్‌లో ఇరుగుపొరుగు తేల్చేశారు. రోజా ఆమెను తీసుకుని మళ్ళీ వనపర్తి బస్సెక్కింది.

రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తగ్గిందని తేలింది. దానికి సత్తెమ్మ ఏళ్ళుగా గోలీ వేసుకుంటూనే ఉంది. ఎట్లా ఇస్తున్నావని నర్సు జములమ్మ అడిగింది. విత్తనపత్తి చేలో ఒక రకం పూల పుప్పొడి ఇంకో రకానికి అద్దడానికి పొద్దున్నే పోవాలి గనక, గోలీ నూరి, పొడితో కలిపి తాగించి ఆటో ఎక్కుతున్నానని రోజా చెప్పింది.

"అన్నీ ఒక్క గ్లాసులనేనా?"

"ఆమె అన్నిసార్లు మింగలేదు గద సిస్టరమ్మా."

జములమ్మ నుదురు కొట్టుకుంది. ఆ పొడి ప్లాస్టిక్ లాంటి సన్నని రేణువులని, ఒంట్లో కరగదని, పేగుల్లో పిత్తాన్ని పట్టుకుని దొడ్డికి వెళ్ళగొడుతుందని చెప్పింది. పక్కన గోలీ ఉంటే దాన్నీ పట్టుకుపోతుంది. నడుమ ఎడం ఉండాలని మొదట్లోనే చెప్పారు గాని, మందు దొరికిందన్న సంబరంలో రోజా చెవికెక్కలేదు.

ఇప్పుడు ఎక్కింది. చేలో మగభాగం గిల్లేసిన పత్తిమొగ్గకు ఏ పుప్పొడి తగిలితే అదే అంటుతుందని ఎర్రకాగితం చుట్టి కాపాడే మనిషి తను. ఇంట్లో మాత్రం అన్నీ ఒక్కచోట పోసింది. సిగ్గుతో తల వంచుకుంది.

"అయితే పొడి మానొద్దా?"

"ఎందుకు మానాలె? గోలీ పొద్దుగాల, పొడి నువ్వు చేనుకెళ్ళి వచ్చినంక."

రెండు నెలలకు సత్తెమ్మ ముఖం తేటపడింది. ఒక సాయంత్రం రోజా గ్లాసు అందిస్తే, ఆమె కళ్ళు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పింది. జములమ్మను దీవించమంది. ఏ ఊరివాళ్ళో తెలియని ఆ పొడి చేసినవాళ్ళ చేతులు చల్లగుండాలంది. చివరికి కోడలి పేరు చెప్పింది.

"నేను చేసిన పనికి నన్నెందుకు అత్తమ్మా?"

"మూడు నెలలు పరేషాన్ చేస్తివి, నిజమే. దవాఖానకు తీస్కపోయింది ఎవరు మరి? ఇటియ్యి బిడ్డా, పొడి అడుక్కు దిగుతుంది" అంటూ సత్తెమ్మ వేలితో కలిపి, చివరి చుక్కదాకా తాగింది.