కుండమార్పిడి

రాజేశం భీవండిలో మగ్గాలు నడిపి, అక్కడి సానికొంపలో అంటిన సెగరోగాన్ని సిరిసిల్లకు మోసుకొచ్చాడు. అది పెండ్లాం అంబవ్వకూ అంటింది. తాను మాత్రం గుట్టుగా సూదులు వేయించుకుని బాగయ్యాడు. ఆమెకు చెప్పలేదు. నెలన్నరకు ఆమెకు జ్వరం పట్టింది. కీళ్లు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

కరీంనగర్ దవాఖానలో డాక్టరు ఆమె గుండె విని, "నీకెప్పుడన్నా సెగ తగిలిందా?" అని రాజేశాన్ని అడిగాడు. పక్కనే బావమరిది గణపతి ఉన్నాడు. వాళ్లది కుండమార్పిడి. గణపతి చెల్లెలు అంబవ్వను రాజేశానికిచ్చి, రాజేశం చెల్లెలిని గణపతికి చేసుకున్నారు. రాజేశం నిజం చెబితే అతని చెల్లెలు ఆ పొద్దుకే పుట్టింటికి వచ్చి పడుతుంది.

"థూ! గసొంటి రోగాలు మా ఇండ్లల్ల ఉండయి సారూ," అన్నాడు రాజేశం.

డాక్టరు కీళ్లవాతమని మాత్రలిచ్చాడు. పది రోజులకు రక్తపరీక్షలో నిజం తేలింది. సెగ పురుగు రక్తంలో కలిసి గుండె కవాటాలను తినేసిందనీ, ఇక సూదులకు లొంగదనీ డాక్టరు చెప్పాడు.

గణపతి మంచం దగ్గరికొచ్చాడు.

"బావకు లేదంటుండు. మరి నీకెక్కడిదే? ఎవడిచ్చిండు?"

అంబవ్వ మొగుడి దిక్కు చూసింది. "నువ్వు చెప్పయ్యా. ఒక్క మాట చెప్పు."

"నన్నెందుకు, దాన్నే అడుగు బావా," అన్నాడు రాజేశం.

అంబవ్వ ఇంకా మూడు రోజులు బతికింది. గణపతి వరండాలోనే కూర్చున్నాడు గాని లోపలికి రాలేదు. శవాన్నీ ముట్టలేదు. రాజేశం చెల్లెలి కాపురానికి ఏ లోటూ రాలేదు.