పెనుమూడి దాకా వెళ్లిన దొర

పిట్టలవానిపాలెంలో శాలేమురాజు ఇల్లెక్కడని అడిగితే కాస్త వయసున్నవాళ్లు "ఈము రాజు ఇల్లా?" అని ఎదురు అడుగుతారు. ఆ ఇంట్లో ఈము పక్షులు లేక పదేళ్లు దాటింది. పేరు మాత్రం పోలేదు. ఆ పేరంటే ఆయనకి కోపమూ లేదు. ఆయన భార్య జ్ఞానమ్మకైతే, ఎవరైనా అలా అన్నప్పుడు లోపలెక్కడో సంతోషంగానే ఉంటుంది.

పక్షులు రాకముందు శాలేమురాజుకి బాపట్లలో మోటార్లు బాగుచేసే కొట్టు ఉండేది. పొద్దున్నే టిఫిన్ తిని బండెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. జ్ఞానమ్మ ఇంటిపనీ గేదె పనీ చూసుకునేది. పెళ్లయిన కొత్తలో ఏం మాట్లాడుకోవాలో తెలియక ఇద్దరూ ఊరుకునేవారు. తర్వాత్తర్వాత అదే అలవాటైపోయింది. అన్నం దగ్గర కూరలో ఉప్పు సంగతి, ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు గొడుగు సంగతి. అంతే. ఆ ఇంట్లో పోట్లాటలు లేవు, మాటలూ లేవు.

ఒకసారి ఆయన ఎవరిదో బోరు మోటారు పని మీద తెనాలి పక్కకి వెళ్లి, అక్కడొక తోటలో ఈము పక్షుల్ని చూశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి వాటి గురించి చెబుతూనే ఉన్నాడు. మనిషంత ఎత్తుంటాయట, ఎగరలేవట, గుర్రంలా పరిగెడతాయట. గుడ్డు ముదురాకుపచ్చ రంగులో మామిడికాయంత ఉంటుందట. కాలవ పక్కన తమకున్న మెరక పొలంలో ఎలాగూ వరి పండదు కాబట్టి అక్కడ పెంచుదామన్నాడు. జ్ఞానమ్మ చెవికి పక్షుల సంగతి సగమే ఎక్కింది. తన మొగుడు ఇంతసేపు మాట్లాడగలడన్న సంగతి మాత్రం బాగా ఎక్కింది. సరేనంది.

ఈములు ఒంటి మీద చారలున్న చిన్న పిల్లలుగా వచ్చాయి. వాటిని చూసి జ్ఞానమ్మ, కోడికి ఒంటె మెడ తగిలించినట్టున్నాయని నవ్వింది. మెరక చుట్టూ కంచె కట్టించి, మధ్యలో తాటాకు పాక వేసుకుని, ఇద్దరూ పగలంతా అక్కడే ఉండేవారు. ఆయన కొట్టు మూసేశాడు. ఆమె మొక్కజొన్న నూక, తవుడు బకెట్లో కలిపి, దాన్ని గాజులతో తట్టి పిలిచి పెట్టేది. ఆయన మునగాకు దూసి తెచ్చేవాడు. పిల్లలు పెరిగి పెద్దవయ్యాయి. అందులో ఒక పోతు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్న ఆఫీసరులా నడిచేది. జ్ఞానమ్మ దానికి దొర అని పేరు పెట్టింది. దాని జంట దొరసాని అయింది. దొరసాని గొంతులోంచి డప్పు మీద మెల్లగా కొట్టినట్టు చప్పుడొచ్చేది. తెల్లవారుజామున పొలాలకి వెళ్లేవాళ్లు మొదట్లో ఆ చప్పుడుకి జడుసుకున్నారు. తర్వాత అది వినపడితే పొద్దు పొడుస్తోందని లేచేవాళ్లు.

దొరసాని గుడ్లు పెట్టి పక్కకి తప్పుకుంటే, వాటి మీద కూర్చుని పొదిగేది దొరే. అలా కూర్చున్నన్నాళ్లూ తిండి దాదాపు మానేసేవాడు. మొదటిసారి అది చూసి జ్ఞానమ్మ కంగారుపడింది. గిన్నె పట్టుకుని ముక్కు దాకా తీసుకెళ్లినా ముట్టలేదు. అది వాటి స్వభావమని శాలేమురాజు చెప్పాడు.

"చూశారా, మగాడు ఎంత ఓపిగ్గా కూర్చున్నాడో," అంది జ్ఞానమ్మ.

"నేనూ ఇక్కడే కూర్చున్నాను కదా," అన్నాడాయన.

ఆమె చాలాసేపు నవ్వింది. అలాంటి మాటలు ఆ పాకలో రోజూ నడిచేవి. ఆయన చిన్నప్పుడు ఈత రాక కాలవలో కొట్టుకుపోబోయిన సంగతి, ఆమె నర్సు చదువు చదవాలనుకున్న సంగతి, ఒకరికొకరు అక్కడే మొదటిసారి చెప్పుకున్నారు.

కొన్నాళ్లకి, ఈము పిల్లల్ని కొంటామని మొదట్లో మాటిచ్చిన కంపెనీవాళ్లు రావడం మానేశారు. ఫోన్లు ఎత్తలేదు. చుట్టుపక్కల ఊళ్లలో పెంచినవాళ్లు కొందరు మాంసానికి అమ్మేశారు, కొందరు మేపలేక వదిలేశారు. వీళ్లు మాత్రం ఉన్నవాటిని ఉంచుకుని, మేత కోసం గేదెని అమ్మారు. ఇవాళ కాకపోతే రేపు ఎవరో వస్తారని అనుకుంటూ వచ్చారు.

ఆ ఏడు కార్తీకంలో పెద్ద గాలివాన పట్టింది. తెల్లారేసరికి కంచె ఒక పక్క నేలమట్టమై ఉంది. పక్షులు చెదిరిపోయాయి. ఊరివాళ్లంతా తలా ఒక దిక్కుకి వెళ్లి సాయంత్రానికి చాలావాటిని తోలుకొచ్చారు. దొర దొరకలేదు. జ్ఞానమ్మ కాలవ గట్టు వెంట కేకలేస్తూ నడిచింది. శాలేమురాజు బండి మీద చెరుకుపల్లి దాకా వెళ్లి దారిలో కనిపించినవాళ్లందరికీ తన ఫోను నంబరు ఇచ్చి వచ్చాడు. దొరసాని డప్పు కూడా ఆగిపోయింది.

తర్వాత వారంలో పెనుమూడి నుంచి పేరయ్య అనే రైతు ఫోన్ చేశాడు. పొడుగు కాళ్ల పక్షి ఒకటి తన అరటితోటలో దూరిందనీ, మీదైతే తొందరగా రమ్మనీ, కుర్రాళ్లు కత్తులు నూరుతున్నారనీ చెప్పాడు. భార్యాభర్తలిద్దరూ బండి మీద బయల్దేరారు. రేపల్లె దాటి కృష్ణ ఒడ్డుకి చేరేసరికి తోట చుట్టూ జనం మూగి ఉన్నారు. వలలు పట్టుకుని నలుగురైదుగురు లోపలికి దిగబోతున్నారు. వాళ్లు అడుగు వేసినప్పుడల్లా దొర బెదిరి ఏటి వైపుకి జరుగుతున్నాడు. ఒక కాలికి దెబ్బ తగిలినట్టుంది.

శాలేమురాజు వాళ్లని ఆగమని బతిమాలాడు. జ్ఞానమ్మేమో పేరయ్య ఇంట్లోంచి ఒక ఖాళీ బకెట్ అడిగి తీసుకుని, దాన్ని గాజులతో తడుతూ, "దా నాన్నా, దా," అంటూ ఒక్కతే అరటిచెట్ల మధ్యకి వెళ్లింది. దొర మెడ ఎత్తాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత కుంటుకుంటూ వచ్చి బకెట్లో తల పెట్టాడు. అందులో ఏమీ లేదు. అయినా తల తియ్యలేదు. జ్ఞానమ్మ వాడి మెడ మీద చెయ్యి వేసి ఏడ్చింది.

కళ్లు కప్పితే పక్షి బెదరదని శాలేమురాజుకి తెలుసు. తన కాలి మేజోడు విప్పి, కొస కత్తిరించి ముక్కు బయటికి ఉండేలా దొర తలకి తొడిగాడు. జనం నవ్వారు. కత్తులు నూరిన కుర్రాళ్లే పక్షిని ఎత్తి ట్రాలీ ఆటోలో కూర్చోబెట్టారు. పేరయ్య భార్య వెంకటసుబ్బులు వీళ్లిద్దరినీ అన్నం తినకుండా కదలనివ్వలేదు.

బండి పేరయ్య ఇంట్లోనే వదిలి, ఇద్దరూ ఆటో వెనకాల దొరకి చెరో పక్కా కూర్చున్నారు. రేపల్లెలో టీకి ఆగితే బజారు బజారంతా చూడ్డానికి వచ్చింది. మళ్లీ కదిలాక, పొలాల మధ్య శాలేమురాజు దొర మెడ నిమురుతూ కూర్చున్నాడు.

"కొట్టు మళ్లీ తెరవాలి జ్ఞానమ్మా," అన్నాడు చివరికి. "వీటిని ఇంక మనం సాకలేం."

ఆమెకి ఆ సంగతి ముందే తెలుసు. ఆయనే అనాలని ఊరుకుంది.

"తెరవండి," అంది. "కానీ మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రండి. క్యారేజీ కట్టను."

ఆయన తల ఊపాడు.

పక్షుల్ని తెనాలి దగ్గర సీతారావమ్మ అనే ఆవిడ పుచ్చుకుంది. ఆవిడకి పెద్ద జామతోట, దాని చుట్టూ ఎత్తయిన గోడ ఉన్నాయి. నెమళ్లూ కుందేళ్లూ కూడా పెంచేది. కొయ్యనని మాటిచ్చింది, ఆ మాట నిలబెట్టుకుంది. మెరకలో పాక కొన్నాళ్లకి పడిపోయింది. ఇప్పుడక్కడ సరుగుడు వేశారు. శాలేమురాజు బాపట్ల కొట్టు నుంచి ఎండైనా వానైనా మధ్యాహ్నం ఇంటికొస్తాడు. తోటి కొట్లవాళ్లు పెట్రోలు దండగ అంటారు.

మొన్న చుట్టాల పెళ్లికి తెనాలి వెళ్లినప్పుడు ఇద్దరూ ఆ తోటకి వెళ్లారు. సీతారావమ్మ బాగా పెద్దదైపోయింది. దొర ఇంకా ఉన్నాడు. ఈకలు పలచబడ్డాయి. జ్ఞానమ్మ పండిన టమాటాలు చేతిలో పెడితే ఒక్కొక్కటే మింగి, ఆమె మొహం వంక ఒకసారి చూసి, నీడలో పడుకున్న దొరసాని దగ్గరికి వెళ్లిపోయాడు. గుర్తుపట్టాడో లేదో తెలియలేదు.

తిరుగు బస్సులో జ్ఞానమ్మ మొదట దిగులుగా కూర్చుంది. తర్వాత రేపల్లెలో ఆ రోజు టీ డబ్బులు ఆటో డ్రైవరే ఇచ్చాడనీ, ఎంత మంచివాడో అనీ అంది. కాదు, తనే ఇచ్చానన్నాడు శాలేమురాజు. డ్రైవరు చిల్లర కోసం జేబులు వెతుక్కోవడం తను చూశానంది ఆమె. చందోలు వచ్చింది, పోయింది. మాట మీద మాట పెరిగి ఇద్దరూ నవ్వుకుంటూనే వాదించుకున్నారు. కండక్టరు వెనక్కి వచ్చి, "పిట్టలవానిపాలెం దిగుతామన్నారు కదా బాబాయ్, ఊరు దాటిపోయిందండి," అని చెప్పేదాకా వాళ్లకి తెలియలేదు.

బస్సు ఆపించి రోడ్డు మీద దిగారు. ఎండ తగ్గింది. చేల మీంచి గాలి వీస్తోంది. పెళ్లిలో ఇచ్చిన తాంబూలం సంచీ ఆయన అందుకున్నాడు. ఇద్దరూ ఊరి వైపు నడక మొదలుపెట్టారు. టీ డబ్బుల సంగతి ఇంకా తేలలేదు.