బిళ్ళ మారిన గంధం

ఎర్రోమాంగో దీవిలో గంధపు చెట్లకు నంబరు బిళ్ళలు కొట్టే పని కెతూరాది. చెట్టు ఎవరు నాటారో, చేవ పట్టిందో లేదో చూసి ఆమె బిళ్ళ కొడితేనే ఆ చెక్క ఓడ మీద రాజధాని పోర్ట్ విలాలోని నూనె బట్టీకి చేరేది. పై దేశంలో ఆ నూనె కొన్నవాళ్ళు సీసా మీది నంబరు ఫోనులో కొట్టుకుంటే ఏ కొండ మీది ఏ చెట్లదో కనిపించేది. ఆ నమ్మకం మీదే అక్కడివాళ్ళు మంచి ధర ఇచ్చేవారు.

ఆ ఏడు వచ్చిన తుఫాను ఊళ్ళో ఒక్క కప్పును మిగల్చలేదు. తోటలు చాలావరకు నేలమట్టమయ్యాయి. కెతూరా తమ్ముడు ఒబెద్ తోటనైతే వరద ఊడ్చుకుపోయింది. భార్యాబిడ్డలతో టార్పాలిన్ పట్టా కింద తడిసి తడిసి, విసిగిపోయి, అతను ఊరుమ్మడి అడవిలోని లేత చెట్లు నరుక్కొచ్చాడు. తన తోటకు రాసి ఉన్న నంబర్లే బిళ్ళల మీద చెక్కి వాటికి కొట్టాడు. ఆ చెక్క అందరి చెక్కతో కలిసి, పేళ్ళయి, గోనెల్లోకి ఎక్కాక గాని కెతూరాకు సంగతి తెలియలేదు.

"ఎంత పని చేశావురా!" అని తమ్ముడి రెక్క పట్టుకుంది.

"పిల్లది దగ్గి దగ్గి నీలుక్కుపోతోంది అక్కా. కప్పు మీదికి రేకులు కావాలి. నీ బిళ్ళలు పరుచుకుని పడుకోమంటావా?"

ఆమె చెయ్యి వదిలేసింది. ఆ తర్వాత ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

చెక్క తీసుకెళ్ళే ఓడ రావడానికి ముందే నూనె కొనేవాళ్ళ తరఫున ఫ్రేయా అనే ఆవిడ తనిఖీకి వచ్చింది. బ్రిస్బేన్ మనిషి, దీవుల భాష బిస్లామా బాగానే మాట్లాడుతుంది. గోనెల్లోకి ఎక్కిన చెట్ల నంబర్ల జాబితా చూస్తూ చూస్తూ ఒకదాని దగ్గర ఆగింది.

"ఈ చెట్టు నరికిన చోటు చూడాలి. పక్కన కొత్త మొక్క నాటారా?"

అది ఒబెద్ నంబరు.

"చాలా దూరం. దారి బాగాలేదు," అంది కెతూరా.

"ఫరవాలేదు, నడుస్తాను."

ఏరు పొంగి ఉంటే బాగుండునని దారంతా మొక్కుకుంది కెతూరా. ఏరు మోకాలి లోతే ఉంది. ఏటవాలులో ఫ్రేయా జారితే కెతూరాయే చెయ్యి అందించింది. "నువ్వు లేకపోతే పడిపోయేదాన్ని," అని నవ్విందావిడ. ఆ నవ్వు చూసేసరికి కెతూరా ఆగిపోయింది. దారిలోనే కూర్చుంది.

"అక్కడ మీరు చూడటానికి ఏమీ లేదమ్మా. ఆ తోటను వరద కొట్టుకుపోయింది. చెక్క వేరే అడవిది. లేత చెక్క."

ఫ్రేయా జాబితా మళ్ళీ తెరిచింది. "ఏ గోనెల్లో ఉంది?" అంది.

"అన్నిట్లో. కలిసిపోయింది."

"అయితే ఒక్కటి కూడా తీసుకోలేను. ఈ దీవి నుంచి కొనడమే ఆపమని రాయాలి."

కెతూరా ఆవిడ బురద బూట్లు పట్టుకుంది. "మా ఊరి నేతై మావయ్య చెక్క కూడా అందులోనే ఉంది. ఆ మొక్కలకు కడవలతో నీళ్ళు మోసి పెంచాడు. ఆయన ఏ పాపమూ ఎరగడు. నన్ను పనిలోంచి తీసేయండి, మా తమ్ముణ్ణి జైల్లో పెట్టించండి. ఆయనది మాత్రం తీసుకోండి."

"ఏది ఆయనదో నువ్వే చెప్పలేనప్పుడు కొనేవాళ్ళకు నేనేం చెప్పను?" ఫ్రేయా కళ్ళు తుడుచుకుంది. కానీ మాట మార్చలేదు.

ఓడ కొబ్బరి ఎక్కించుకుని వెళ్ళిపోయింది. గోనెలు ఒడ్డునే ఉండిపోయాయి. నేతై వాటి పక్కన కూర్చుని, ఓడ కనుమరుగయ్యాక కెతూరా వైపు తిరిగాడు.

"చెక్క ఎక్కి ఓడ కదిలేదాకా ఆగలేకపోయావటే, అమ్మీ?"

తిట్టినా, కొట్టినా తట్టుకునేది. ఆ మాట విని మాత్రం ఇంటిదారి పట్టింది.

పెద్దలు ఊరి సావడి నకమాల్‌లో కూర్చుని ఒబెద్‌నూ నేతైనూ పిలిపించారు. ఒబెద్ తనకు మిగిలిన ఒక్క పందినీ, భార్య అల్లిన చాపనూ తెచ్చి నేతై ముందు పెట్టి తల వంచుకున్నాడు. ముసలాయన చాప చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది మా ముసల్దానికి కావాలి, నేల చెమ్మగా ఉంది. పందిని తోలుకుపో. దాన్ని కోసి నీతో కలిసి తింటే కోపం పోయినట్టే లెక్క. నాకు ఇంకా పోలేదు."

మర్నాడు అక్కాతమ్ముళ్ళిద్దరూ అడవిలో కప్పుకు వేసే ఆకు కోసి మోపులు కట్టి నేతై పాక ముందు దించారు. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఒబెద్ వాసాల మీదికెక్కాడు. కెతూరా కింద నుంచి ఆకు అందిస్తోంది. పట్టా కింద ఎక్కడో ఒబెద్ కూతురి దగ్గు వినబడుతూనే ఉంది. కొంతసేపటికి నేతై లేచి వచ్చాడు.

"ఆకు తిరగేసి వేస్తున్నాడు, వానకు కారుతుంది. సరిగ్గా వెయ్యమను," అని కెతూరాతోనే అన్నాడు. ఒబెద్ వైపు చూడలేదు.