బకెట్టులోకి చూడకూడదు

బీర్ ఫెస్టివల్‌లో మావాళ్లంతా పాటించే మర్యాద ఒకటుంది. ప్రతి స్టాలు ముందూ, బల్ల కాళ్ల దగ్గర, ఒక బకెట్టు పెడతారు. వచ్చినవాళ్లు చిన్న గ్లాసులో రుచి చూసి, నచ్చకపోతే మిగిలింది అందులో ఒంపేస్తారు. పదహారు బ్రూవరీలకి పదహారు బకెట్లు. పక్కవాడి బకెట్టులోకి మాత్రం తొంగిచూడకూడదు. ఇరవై రెండేళ్లుగా నేను ఎవరి బకెట్టూ చూడలేదు. నాది చూసుకోవాల్సిన అవసరమూ రాలేదు, అందులో గ్లాసులు కడిగిన నీళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు కనుక. గొప్పలు చెప్పుకుంటున్నాడు అనుకుంటే అనుకోండి.

ఈ ఏడు మాత్రం భయపడుతూ వెళ్లాను. నాకు వాసన తెలియదు.

పోయిన చలికాలం వారం రోజులు జ్వరంతో మంచం పట్టాను. జ్వరం పోతూ పోతూ వాసనని కూడా వెంట తీసుకుపోయింది. డాక్టరు ముక్కులో లైటు వేసి చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను. పది నెలలైంది, రాలేదు. నాలుక బాగానే ఉంది. చేదు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది. కానీ బీరు చేసేవాడికి వాసన తెలియదంటే, దర్జీకి చూపు ఆనదని చెప్పినట్టే. బయటపడితే నా దగ్గర ఎవరు కొంటారు? అందుకని నోరు మూసుకున్నాను.

అసలు బాధ బీరు గురించి కూడా కాదు. మా ఆవిడ పోయి మూడేళ్లు. బ్రూవరీలో పీపాలు నిలవ చేసే చలిగది ఒకటుంది. అందులోకి వెళ్లేటప్పుడు తొడుక్కోవడానికి ఆవిడకి ఒక బూడిదరంగు స్వెట్టరు ఉండేది. వేయించిన మాల్టు, తలనూనె, కాస్త చెమట, మూడూ కలిసిన వాసన దానికి. ఆవిడ పోయాక దాన్ని ఉతకకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువాలో పెట్టాను. ప్రతి ఆదివారం సంచి మూతి విప్పి ఒక్కసారి పీల్చి, మళ్లీ గట్టిగా కట్టేసేవాణ్ణి. పిసినారి చక్కెర వాడుకున్నట్టు వాడుకున్నాను. జ్వరం తగ్గాక వచ్చిన ఆదివారం విప్పితే ఏమీ లేదు. మళ్లీ పీల్చాను. ఏమీ లేదు.

పోయింది నా ముక్కా, ఆవిడ వాసనా? పగలూ రాత్రీ ఇదే నన్ను తినేసింది. దానికి జవాబు చెప్పగలిగేవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, ఆవిడ తమ్ముడు. వాణ్ణి నేనే తరిమేశాను.

మా బావమరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. బీరు చెయ్యడం వాడికి రాదు కానీ వాడి ముక్కు లాంటిది ఇంకోటి లేదు. గురువారం సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా బ్రూవరీకి వచ్చేవాడు. బీరు పులవడం పూర్తయ్యాక దాన్ని చల్లబరచాలి. తొందరపడి ముందే చల్లబరిస్తే వెన్న కంపు పట్టుకుంటుంది. అది తెలుసుకోవడానికి రెండు గ్లాసుల్లో బీరు తీసి, ఒకదాన్ని వేడినీళ్లలో కాసేపు ఉంచి, రెండూ వాసన చూస్తాం. వేడి తగిలిన గ్లాసు వెన్న వాసన వేస్తే ఇంకో రెండు రోజులు ఆగాలి. మా ఆవిడ ఉన్నప్పుడు అక్కాతమ్ముళ్లిద్దరూ చెరో గ్లాసు పట్టుకుని పోట్లాడుకునేవాళ్లు. ఆవిడ పోయాక వాడొక్కడే చూసేవాడు.

జ్వరం తగ్గిన రెండో గురువారం వాడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "వెన్న కొడుతోంది బావా. అప్పుడే చల్లబెట్టకు" అన్నాడు. నేనూ పీల్చాను. నాకు ఏమీ తెలియలేదు. ఆ సంగతి చెప్పేస్తే సరిపోయేది. ముక్కు పోయినా దాని మీద ఉండే కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"మీ అక్కే పోయాక నీకూ నాకూ ఏం చుట్టరికం ఉందని వారం వారం వచ్చి నా బీరుకి వంకలు పెడతావ్?" అన్నాను.

వాడు తన గ్లాసు కడిగి, స్టాండు మీద బోర్లించి వెళ్లిపోయాడు. ఆ గ్లాసు ఇప్పటికీ అక్కడే ఉంది, అడుగు మీద దుమ్ముతో. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అంటారు. నాకు దాయాదులు లేరు. బతుకు కోరేవాడు ఒక్కడుంటే వాడికీ గుమ్మం చూపించాను.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటారు. ఎన్నోసార్లు తీశాను. వాడి పేరు మీద వేలు పెట్టేదాకా వచ్చి, మొదటి మాట ఏమిటో తేలక పక్కన పడేసేవాణ్ణి. పొయ్యి మీద పాలు మాడిపోతే వంటింట్లో పొగ కళ్లకి కనిపించాక గానీ తెలిసేది కాదు. తిండి దూది నమిలినట్టు ఉండేది. పొద్దున్నే బ్రూవరీ తలుపు తీసి మూడో నెంబరు ట్యాంకుతో మాట్లాడేవాణ్ణి. మిగతా రెండిటికంటే అది కాస్త శ్రద్ధగా వింటుంది. బీరు చల్లబరచడానికి ముక్కు లేదు కాబట్టి క్యాలెండరు చూసి, పదో రోజు రాగానే స్విచ్చి నొక్కేసేవాణ్ణి. ఈలోగా రెండు రెస్టారెంట్లు నా పీపాలు తీసుకోవడం మానేశాయి. ఒకాయన ఫ్రిజ్ రిపేరన్నాడు, ఇంకొకాయన మెనూ మారుస్తున్నామన్నాడు. నమ్మాను. నమ్మడం సుఖం.

ఫెస్టివల్ ఒక పాత బస్ డిపోలో జరుగుతుంది. నేల మీద ఇంకా ఇంజనాయిలు మరకలున్నాయి. శనివారం పొద్దున పది గంటలకి గేట్లు తీశారు. నేను ఎప్పటిలాగే నల్లబీరు పట్టుకెళ్లాను. దాని పేరు "ఇంటావిడ". అది మా ఆవిడ కనిపెట్టిన బీరు, పేరూ తనే పెట్టుకుంది, బోర్డు మీద అక్షరాలూ తనవే. "ఇంటావిడ బాగా చేదా అండీ?" అని ఎవరైనా చమత్కరిస్తే, "మొదట్లో చేదే, తర్వాత అలవాటైపోతుంది" అనేది. ఇప్పుడు ఆ మాట నేను అంటున్నాను. నేనంటే ఎవరూ అంతగా నవ్వడం లేదు.

గేటు తీయకముందు ఒక గ్లాసు తాగి చూశాను. చేదు సరిగ్గా ఉంది. నాలుక మీద నున్నగా జారింది. భేష్ అనుకున్నాను. ఆ నునుపే వెన్న చేసే పని అని నాకు తెలుసు, కొత్తవాళ్లకి నేనే చెబుతుంటాను. ఆ పూట గుర్తు రాలేదు, లేదా గుర్తు రావడం ఇష్టం లేకపోయింది.

జనం బాగానే వచ్చారు. చుట్టుపక్కల బ్రూవరీలన్నీ తిరుగుతూ నోట్‌బుక్‌లో రాసుకునే మొగుడూపెళ్లాలు ఇద్దరు నా బల్ల దగ్గర ఆగారు.

"మీది మాకు పదకొండోదండీ. ఇంకా అయిదు చూడాలి" అంది ఆవిడ ఉత్సాహంగా. ఒక గుక్క తాగి, కాస్త ఆగి, "డిఫరెంట్‌గా ఉందండీ" అంది.

ఆయన కూడా తలాడించాడు. మా వృత్తిలో "డిఫరెంట్‌గా ఉంది" అంటే ఏమిటో పసిపిల్లాణ్ణడిగినా చెబుతాడు. వాళ్లు పక్కకి తిరిగారు. బల్ల కింద బొళక్కుమని చప్పుడైంది. అప్పటినుంచి నా చెవులు ఆ చప్పుడుకే అతుక్కుపోయాయి. నవ్వుతూ వచ్చేవాళ్లు, గుక్క తాగేవాళ్లు, "బాగుందండీ" అనేవాళ్లు. బొళక్.

మధ్యాహ్నం రెండున్నరకి ఒకమ్మాయి, "అంకుల్, బకెట్టు పొర్లుతోంది" అంది.

బల్ల చుట్టూ తిరిగి ముందుకొచ్చి చూశాను. నిండా నల్లగా, అంచుదాకా ఉంది. రెండు చేతులతో ఎత్తుకుని వెనకున్న కాలవ దాకా మోసుకెళ్లాను. దారి పొడుగునా అందరి బకెట్లలోకీ చూశాను. మర్యాద మంటగలిసిపోయింది. అన్నిట్లోనూ నాలుగు వేళ్ల నీళ్లే. ఎత్తిన బరువు చేతులకి కాదు, ముఖానికి తెలిసింది. ఆ పదిహేనుమందిలో పొద్దున నా బీరు రుచి చూడనివాడు లేడు. ఒక్కడూ నోరు విప్పలేదు.

పక్క స్టాలు ఆవిడ ఒకప్పుడు పళ్ల డాక్టరు. పళ్లు పీకడం విసుగెత్తి బీరులోకి వచ్చింది.

"మీరు చెప్పండి, నా బీరు ఎలా ఉంది?" అని ఆవిణ్ణి అడిగాను.

"బాగుందండీ" అంది, తన కుళాయి తుడుచుకుంటూ. పళ్లు పీకేటప్పుడు కూడా ఏమీ నొప్పి ఉండదనే చెప్పి ఉంటుంది.

తిరిగొచ్చి బల్ల వెనక నిల్చునేసరికి ఎదురుగా మా బావమరిది ఉన్నాడు. చేతికి టికెట్టు పట్టీ, చేతిలో చిన్న గ్లాసు. చెంపలు నెరిశాయి. పది నెలల్లో ఇంత నెరుస్తాయా అనుకున్నాను.

"ఒక గ్లాసు ఇవ్వండి" అన్నాడు.

పోశాను. వాడు గ్లాసెత్తి ఆపకుండా మొత్తం తాగేశాడు. ఆ రోజు మొత్తానికి గ్లాసు ఖాళీ చేసినవాడు వాడొక్కడే. గ్లాసు దించి, బోర్డు మీద వాళ్లక్క రాతకేసి చూస్తూ, "బాగుందండీ" అన్నాడు.

అండీ! పెళ్లిలో నా చెప్పులు దాచేసి ఏడిపించిన రోజు నుంచి నన్ను "బావా, నువ్వు" అనడమే తప్ప వాడి నోట ఇంకో మాట లేదు. వాడి మొహాన నేను కొట్టిన తలుపు ఎంత గట్టిగా పడిందో ఆ ఒక్క మాటతో తెలిసింది.

"ఒరేయ్, నిజం చెప్పరా" అన్నాను.

"చెప్పడానికి నాకేం చుట్టరికం ఉందండీ?"

వెనక ఇంకో నలుగురు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. పళ్ల డాక్టరు వింటోంది. విననీ అనుకున్నాను.

"నాకు వాసన తెలియడం లేదురా. జ్వరం వచ్చినప్పుడు పోయింది. ఈ బీరు ఎలా ఉందో నాకు తెలియదు. ఏదీ తెలియదు."

వాడు కాసేపు నా ముక్కుకేసే చూశాడు, అక్కడేదో కనిపిస్తుందన్నట్టు.

"ఆ గురువారం కూడానా?"

"ఆ రోజు కూడా."

"చెప్పి చావొచ్చుగా బావా!" అని అరిచాడు. లైన్లో ఉన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. "కంపు. మురిగిన వెన్న కంపు. పొద్దుటి నుంచి ఆ గోడ దగ్గరే నిలబడి చూస్తున్నా, ఒక్కొక్కళ్లూ అక్క పేరున్న బీరు బకెట్లో పారబోస్తుంటే. నాకు పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. అందుకని తాగా. ఇంకా నోరంతా అలాగే ఉంది."

కుళాయి కట్టేశాను. బోర్డు వెనక్కి తిప్పాను. నిలబడ్డ నలుగురినీ పళ్ల డాక్టరు స్టాలుకి పంపించాను. మిగిలిన మూడు పీపాలనీ మేమిద్దరం దొర్లించుకెళ్లి కాలవలో ఒంపేశాం. నురగ పొంగుకుంటూ పోయింది. వాడు ముక్కు మూసుకుని నిలబడ్డాడు, నాకు ఆ అవసరం లేదు. సిగ్గుగా ఉంది, అయినా పది నెలల తర్వాత ఒక మనిషి పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇంకో పనుంది. ఇంటికి రా" అన్నాను.

ఇంటికొచ్చేసరికి అయిదైంది. ఎండ ఇంకా కిటికీలోంచి మంచం మీద పడుతోంది. బీరువాలోంచి సంచి తీసి వాడి చేతికిచ్చాను. ఏమిటని అడగలేదు, ప్లాస్టిక్‌లోంచి రంగు చూసి పోల్చుకున్నాడు.

"నాకు తెలియడం లేదు. నువ్వు చూసి చెప్పు" అన్నాను.

వాడు మంచం మీద కూర్చుని ముడి విప్పి మొహం లోపలికి పెట్టాడు. చాలాసేపు ఎత్తలేదు. భుజాలు రెండుసార్లు పైకి లేచి దిగాయి. ఉంది అను చాలు, అనుకున్నాను. ఉంది అంటే నా ముక్కు ఎప్పటికీ రాకపోయినా ఫరవాలేదు, అది ఈ బీరువాలో ఉందని తెలిస్తే చాలు. అబద్ధం చెప్పినా పట్టుకోలేను. పొద్దున నుంచి వందమంది నాతో బాగుందండీ అన్నారు, ఇంకొక్కటి అంటే ఏం పోయింది?

వాడు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"లేదు బావా."

"సరిగ్గా చూడు. చంకల దగ్గర చూడు. మెడ దగ్గర."

చూశాడు. నా కోసం మళ్లీ అంతా చూశాడు.

"ప్లాస్టిక్ వాసన. కొంచెం బీరువా చెక్క. అంతే. అక్క లేదు."

నేను కింద కూలబడ్డాను. ఆవిడ పోయిన రోజు వచ్చినవాళ్లకి కుర్చీలు వేస్తూ తిరిగాను, ఏడవడానికి తీరిక లేకపోయింది. ఆ ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. వాడు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఓదార్చలేదు, వీపు మీద చెయ్యి మాత్రం వేశాడు. "ఎప్పుడు పోయిందో ఏమో బావా. నీ ముక్కు ఉన్నా ఆగేది కాదు" అన్నాడు. ఆ చెయ్యి బరువుగా, గ్రీజు మరకలతో ఉంది. నాకు అబద్ధం చెప్పనివాడు ఒకడు మిగిలాడని ఏడుపు మధ్యలోనే తోచింది. దానివల్ల ఏడుపేమీ తగ్గలేదు.

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగాడు.

"గురువారాలు ఇప్పుడు డ్యూటీ మార్చారు. శుక్రవారం వస్తా. నేను వచ్చేదాకా ఏ ట్యాంకూ చల్లబెట్టకు."

"రారా" అన్నాను.

మర్నాడు ఆదివారం. అలవాటు కొద్దీ బీరువా తెరిచాను. సంచి మూతి కట్టకుండానే ఉంది. స్వెట్టరు తీసి బ్రూవరీకి పట్టుకెళ్లాను. చలిగదిలో పీపాలు లెక్క చూసుకోవాలి, అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది. తొడుక్కున్నాను. చేతులు మోచేతుల కిందికే వచ్చాయి, పొట్ట మీద బొత్తాం పట్టలేదు. ఆవిడ చూస్తే గోడ పట్టుకుని నవ్వేది. నవ్వడానికి ఎవరూ లేరు. శుక్రవారానికి ఇంకా అయిదు రోజులుంది.