వాల్వు దగ్గర నిలబడేది ఎవరు

మా మరిది నవ్వుతూ వస్తున్నాడంటేనే నాకు ఒళ్ళు మంట. మామగారు పోయాక షెడ్డు పంపకాల దగ్గర అన్నదమ్ములిద్దరికీ మాటా మాటా పెరిగి, షెడ్డు మా ఆయనకే వదిలేసి విసురుగా వెళ్ళిపోయిన మనిషి అతను. ఏళ్ళ తరబడి మంచీ చెడ్డా లేదు. అలాంటివాడు ఉన్నట్టుండి ఊడిపడి, "అన్నయ్యా, లారీ టర్బోతో జెట్ ఇంజను చేద్దామా?" అంటే ఎవరికైనా అనుమానం రాదూ? మా ఆయనకు రాలేదు. ఆయన ముఖం చాటంత అయింది.

మాది టర్బోలు బాగుచేసే షెడ్డు. లారీ ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం ఇంజనులోకి గాలిని తోస్తుంది. టర్బో అంటే అంతే. ఆ రెండు చక్రాల మధ్య ఒక డబ్బా పెట్టి, అందులో గ్యాసు మండిస్తే అది తన మంటతో తానే తిరిగే జెట్ అవుతుందట. మరిది వెల్డరు కాబట్టి స్టీలు గొట్టానికి చిల్లులు వేసి ఆ డబ్బా తయారుచేశాడు. చక్రాలు మా ఆయన బిగించారు. నేను డీజిలుతో బేరింగులు కడిగిపెట్టాను, కళ్ళు మాత్రం మరిది మీదే.

సన్నమంట మీద రెండుసార్లు నడిపారు. రెండుసార్లూ ఒకటే వరస. మరిది ఎదురుగా, గాలి పీల్చే మూతి వైపు, చక్రం తిరగడం మొదలయ్యేలా గాలి ఊదే బ్లోయరు పట్టుకుని. మా ఆయన పక్కన, చక్రం అంచుకు సూటిగా, గ్యాసు వాల్వు దగ్గర. మా షెడ్డులో ఒకసారి గ్రైండరు రాయి పగిలింది. తిరిగేది ఏదైనా పగిలితే ముక్కలు దాని అంచు చూసే వైపే ఎగురుతాయని అప్పుడే నాకు తెలిసింది. మరి ఆ వైపు నా మొగుడే ఎందుకుండాలి? ఈయనకేమైనా అయితే షెడ్డు ఎవరి చేతికి పోతుంది? ఆ ఆలోచనతో నాకు ముద్ద దిగలేదు.

"గ్యాసు గొట్టం పొడుగుది వేసుకుని దూరంగా నిలబడొచ్చుగా?" అన్నాను అన్నం వడ్డిస్తూ.

"ఆయిలు మీటరు దగ్గరుండి చూడాలే," అన్నారు మా ఆయన.

"మీ తమ్ముణ్ణి చూడమనండి."

"వాడు చిన్నవాడు."

"చిన్నవాడా? నెత్తిమీద సగం జుట్టు లేదు!"

మరిది పకపకా నవ్వాడు. ఆ నవ్వూ నాకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున పూర్తి స్పీడులో నడుపుతామన్నారు. నేను చేతులు తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇవాళ వాల్వు నువ్వు పట్టుకో మరిదీ. బ్లోయరు మీ అన్నయ్య పట్టుకుంటారు."

ఇప్పుడు చూస్తాను నీ నాటకం అనుకున్నాను. నీళ్ళు నములుతాడనీ, ఏదో వంక పెడతాడనీ ఎదురుచూశాను.

"దానికేం వదినా," అంటూ అతను బ్లోయరు కింద పెట్టి, చకచకా వాల్వు దగ్గరికి వచ్చేశాడు.

"వద్దు!"

కేక పెట్టింది మా ఆయన. తమ్ముడి జబ్బ పట్టుకుని ఇవతలికి లాగేశారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందన్నయ్యా?"

"చక్రం రెక్కల్లో ఒకదాని మొదట్లో వెంట్రుకంత చీలిక ఉంది."

"ఎప్పుడు చూశారు?" అన్నాను.

"బిగించిన రోజే."

"చూసి కూడా మార్చలేదా?"

ఆయన తమ్ముడి వైపు చూడలేకపోయారు. "ఈ సైజుది మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో ఏమో. పని ఆగిపోతే వీడు సంచి సర్దుకుని పోతాడు. ఇన్నేళ్ళకు వచ్చాడు."

అయ్యో దేవుడా! నేను ఇన్నాళ్ళూ కాపలా కాసింది ఎవరిని?

"రెండుసార్లు నడిపాం, ఏమీ కాలేదుగా," అని గొణిగారు మా ఆయన. "మీరిద్దరూ బయట ఉండండి. ఒక్కసారి నేనే..."

ఆయన్ని పక్కకు తోసి, చక్రం అంచుకు సూటిగా నిలబడి వాల్వు పట్టుకున్నాను.

"బ్లోయరు పట్టుకోండి. వెలిగించండి."

"పిచ్చి పట్టిందా నీకు? జరుగు!"

"ఏం? ఏమీ కాదన్నారుగా. వెలిగించండి."

ఆయన నన్ను చూశారు, చక్రాన్ని చూశారు. గబగబా వెళ్ళి గ్యాసు సిలిండరు కట్టేశారు. కట్టేసినదాన్నే మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నారు.

మరిది నేలమీద చతికిలబడ్డాడు. "ఉండిపోరా అని ఒక్క మాట అంటే ఉండిపోయేవాణ్ణి కదన్నయ్యా," అన్నాడు.

"అను," అన్నాను నేను మా ఆయనతో. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు. "నోరు తెరిచి అను."